చెరువు రెండెకరాలా, ఆరెకరాలా?

ఒడిశాలోని బరంపురంలో ఇళ్ల ప్లాన్లు గీయడం, వాటికి పర్మిషన్లు తెప్పించడం నా బతుకుదెరువు. నా దగ్గరకొచ్చే పనులు మామూలుగా చిన్నవే. పాత పెంకుటిల్లు తీసేసి మూడంతస్తులు లేపేవాళ్లు, కింద కొట్టు పెట్టి పైన కాపురం ఉండేవాళ్లు. అలాంటిది ఒకసారి పెద్ద అపార్ట్‌మెంట్ కాలనీ ఫైలు నెత్తినేసుకున్నాను. ఆ స్థలంలో మూడో వంతు వానాకాలమంతా నీళ్లలో ఉండేది. దాన్ని పూడ్చి కట్టొచ్చా కూడదా అనే ఒక్క ప్రశ్న చుట్టూ ఎన్ని ఆఫీసులు, ఎన్ని కాగితాలు తిరుగుతాయో ఆ పనిలోనే చూశాను. ఈమధ్య ఇచ్ఛాపురం, సోంపేట, పలాస నుంచి ఇక్కడ ఫ్లాట్లు కొందామని వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లడిగే ప్రశ్నలకి ఫోన్లో ముక్కలుముక్కలుగా చెప్పే బదులు ఒకచోట రాసేస్తే మేలనిపించింది.

స్థలం బరంపురానికీ గిరిసోలకీ మధ్య, హైవే దిగి లోపలికి వెళ్లాలి. ఊరి పేరు రాయను. ఐదు కుటుంబాల పన్నెండు ఎకరాలు కలిపి బిల్డరు ఒప్పందం రాయించుకున్నాడు. ఆయనా తెలుగువాడే, తాతల కాలంలో నేతపని మీద వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. పడమటి వైపు మెరక. ఈ పన్నెండు ఎకరాలకి నడుమ రెండెకరాల సర్కారు చెరువు ఉంది. దాని తూము దగ్గర మొదలైన గెడ్డ, అంటే చిన్న వాగు, దక్షిణంగా పారి బాహుదాలో కలుస్తుంది. బాహుదా ఇచ్ఛాపురం పక్కనుంచి పోయి సముద్రంలో పడుతుంది. అంటే చెరువు ఒడిశాలో ఉంది, దాని మిగులు నీరు పోయేది ఆంధ్రాలోకి. ఈ సంగతితో తర్వాత పనుంది.

ఆంధ్రావైపు అడంగల్, వన్ బీ చూసి అలవాటైన వాళ్లకి ఇక్కడి రికార్డు కొత్తగా ఉంటుంది. ఇక్కడ ఆర్‌ఓఆర్ అంటారు, అంటే భూమి హక్కుల రికార్డు, భూలేఖ్ సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు. అందులో యజమాని పేరు కన్నా ముందు చూడాల్సింది కిసమ్ అనే గడి. శారద అని ఉంటే వరి పండే పల్లపు నేల, ఘరబారి అంటే ఇంటి స్థలం, జలాశయ అంటే చెరువో కుంటో. గోచర్ అంటే పశువుల మేత బయలు. మా పన్నెండు ఎకరాలూ శారద. నడుమనున్న రెండెకరాలు జలాశయ, రక్షిత ఖాతాలో ఉంది, సర్కారుది. కాగితం మీద చూస్తే చిక్కేమీ లేదు. చెరువును చెరువుగా వదిలేసి చుట్టూ కట్టుకోవచ్చు.

చిక్కల్లా నీళ్లతో వచ్చింది. వానలు బాగా పడ్డ ఏడు ఆ చెరువు రెండెకరాల్లో ఆగదు, చుట్టుపక్కల పట్టా నేలలోకి ఇంకో నాలుగెకరాల మేర పరుచుకుంటుంది. అక్కడ తుంగ, జమ్ము, కలువలు. రైతులు ఆ నాలుగెకరాల్లో నాలుగైదేళ్లకోసారి వరి కోసేవారట, మిగతా ఏళ్లు చేపలే పంట. ఐదు కుటుంబాల్లో ఒకరి ఇంట్లో తెలుగులో రాసిన పాత దస్తావేజు బయటపడింది. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది కాబట్టి ఈ ప్రాంతంలో అలాంటివి ఇప్పటికీ ఇనప్పెట్టెల్లో దొరుకుతుంటాయి. అందులో హద్దులు రాస్తూ తూర్పుకి ‘చెరువు నిండునీరు ఆనుకున్న వరకు’ అని ఉంది. ఆ దస్తావేజుకి ఈ రోజుల్లో సర్వే నంబరుతో పొత్తు కుదరదు, ఏ ఆఫీసులోనూ తీసుకోరు. నేను మాత్రం జిరాక్సు తీసి పెట్టుకున్నాను.

మొదటి మెట్టు భూమి మార్పిడి. ఒడిశా భూసంస్కరణల చట్టం 1960లోని 8-ఏ సెక్షన్ కింద తహశీల్దారుకి దరఖాస్తు పెట్టి, ప్రీమియం కట్టి, శారదని ఘరబారిగా మార్పించుకోవాలి. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు (ఆర్‌ఐ), కొలతలు చూసే అమీను వచ్చి నేల చూసి రిపోర్టు ఇస్తారు. బిల్డరు ఈ పని ఎండాకాలంలో పెట్టించాడు. అమీను వచ్చిన రోజున చెరువులో కూడా మోకాలి లోతే ఉంది, పట్టా నేలంతా నెర్రెలు విచ్చింది. గొలుసు పట్టి హద్దులు చూశాడు, నలుగురి దగ్గర సంతకాలు తీసుకున్నాడు, టీ తాగి వెళ్లాడు. రిపోర్టులో ‘సాగులో లేని వరి నేల, దారికిగానీ నీటికిగానీ అడ్డు లేదు’ అని వచ్చింది. దాన్ని తప్పుడు రిపోర్టు అనలేను. వైశాఖంలో ఆ నేల అలాగే ఉంటుంది. భాద్రపదంలో రమ్మని పిలిస్తే అదే మనిషి పంచె ఎగ్గట్టుకుని గట్టు మీదే నిలబడిపోయేవాడు. ఏ నెలలో చూడాలన్న నియమం ఆ ఫారంలో ఎక్కడా లేదు, నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద లొసుగు అదే.

డెవలప్‌మెంట్ అథారిటీ దగ్గర జోన్ చూసుకోవడం, ఫైర్, రోడ్డు వెడల్పు, కరెంటు... ఇవన్నీ ఎక్కడైనా ఉండేవే, వాటి గురించి రాసి విసిగించను.

అసలు కథ పర్యావరణ అనుమతితో మొదలైంది. కేంద్రం 2006 సెప్టెంబర్ 14న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నిర్మాణ వైశాల్యం 20,000 చదరపు మీటర్లు దాటితే ముందస్తు అనుమతి కావాలి. 1,50,000 లోపైతే రాష్ట్రస్థాయి అథారిటీ చూస్తుంది. అంటే భువనేశ్వర్. మాది 60,000కి కాస్త అటూఇటూ. గనికో ఫ్యాక్టరీకో అయితే ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది, టెంటు వేసి మైకు పెట్టి ఊరివాళ్లని అడుగుతారు. ఇళ్ల నిర్మాణాలకి ఆ నోటిఫికేషనే మినహాయింపు ఇచ్చింది. కాబట్టి మా ఫైలు మీద ఊళ్లో ఒక్క మనిషినీ అడగాల్సిన అవసరం చట్టపరంగా లేదు.

దరఖాస్తు నింపడానికి భువనేశ్వర్ నుంచి ఒక కన్సల్టెంటుని పెట్టుకున్నాడు బిల్డరు. ఆ కుర్రాళ్లు ఇంకెక్కడిదో రిపోర్టు ముందు పెట్టుకుని పేర్లు మార్చుకుంటూ పోయే రకం. ఒకచోట మా స్థలం మహానదికి ఎంత దూరమో కూడా రాసేశారు. ఫారం 1లో ఒక ప్రశ్న ఉంటుంది: పదిహేను కిలోమీటర్ల లోపల చిత్తడి నేలలు, వాగులు, ఇతర నీటి వనరులు ఏమైనా ఉన్నాయా అని. వాళ్లు ‘లేవు’ అని రాశారు. ఏమయ్యా అంటే చిలికా దూరం, తంపర దూరం అన్నారు. మన గంజాంలో వాటికి పేరుంది మరి. చిలికా 1981 నుంచీ, ఛత్రపురం దగ్గరి తంపర 2021 నుంచీ రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో ఉన్నాయి. రెండూ మాకు పదిహేను కిలోమీటర్ల అవతలే. ప్లాను నట్టనడుమ ఉన్న చెరువు దూరం సున్నా కిలోమీటర్లు కాబట్టి వాళ్ల కంటికి ఆనలేదు కాబోలు.

నేను పట్టుబట్టాక వాళ్ల పెద్దాయన ఫోన్లోకి వచ్చి చట్టం విప్పాడు. చిత్తడి నేలల నిబంధనలు 2017లో వచ్చాయి. వాటి ప్రకారం చిత్తడి నేలని ఇంకో వాడకానికి మార్చకూడదు, ఆక్రమించకూడదు, చెత్త వేయకూడదు. పదేళ్ల సగటు వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు పడవల రేవులాంటివి తప్ప శాశ్వత కట్టడం రాకూడదు. గట్టి మాటలే. కానీ అవే నిబంధనలు చిత్తడి నేల అంటే ఏమిటో చెప్పేచోట నదీ గర్భాలని, వరి పొలాలని, తాగునీటికోసం కట్టిన చెరువులని, సాగునీటికి, చేపల పెంపకానికి, ఉప్పుకి కట్టిన వాటిని పక్కకి తీసేశాయి. “మీ చెరువుకి తూముంది కదా సార్? అంటే సాగునీటి చెరువు. మిగతా నాలుగెకరాలు రికార్డులో వరి పొలం. రెండూ పరిధిలోకి రావు” అన్నాడాయన. మాట విన్నంతవరకు తిరుగులేదు.

ఇక్కడ కాసేపు ఆగి నా మాట చెప్పుకోవాలి. శ్రీకాకుళం నుంచి గంజాం దాకా మన ప్రాంతంలో మంచినీళ్లు నిలిచే చోట్లన్నీ ఇంచుమించు ఎవరో ఒకరు గట్టు వేసినవే. మెరకనుంచి వచ్చే వాన నీటికి పల్లంలో అడ్డంగా మట్టి పోసి, ఒక రాతి తూము పెట్టారు. తరవాత వందేళ్లో రెండొందలేళ్లో గడిచాక అక్కడ తుంగ మొలిచింది, మట్టగిడసలు చేరాయి, నత్తలు తినే కొంగలు వచ్చాయి. మనిషి తవ్వినదాన్ని తీసేస్తే, ఈ జిల్లాల్లో ఆ చట్టానికి మిగిలేది బహు కొద్ది.

దీనికి ఇంకో పక్క ఉంది. ఇస్రో సంస్థ తయారుచేసిన పటాల్లో దేశంలో 2.25 హెక్టార్లు, ఆపైన ఉన్న చిత్తడి నేలలు 2,01,503 లెక్కతేలాయి. నోటిఫై చేసినా చేయకపోయినా వాటికి పాత 2010 నిబంధనల్లోని కట్టుబాట్లు వర్తించాలని సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరిలో చెప్పింది. ఇప్పుడు లెక్క చూడండి. రికార్డులోని రెండెకరాలు 0.81 హెక్టార్లు. నీరు నిలిచే ఆరెకరాలు 2.43 హెక్టార్లు. గీతకి ఒకటి ఇటు, ఇంకొకటి అటు. చెరువు ఎంత అన్నది తేలితే తప్ప ఏ నిబంధన ఎత్తి ఏం లాభం?

తేల్చే పని నా మీద పడింది, ఎందుకంటే ఫారం 1-ఏలో ఇంకో ప్రశ్న ఉంది. ప్రాజెక్టు వల్ల సహజంగా నీరు పారే తీరు మారుతుందా, కాంటూర్ మ్యాపు మీద, అంటే నేల ఎత్తుపల్లాలు గీతల్లో చూపే పటం మీద, చూపించండి అని. ఆ వెంటనే మట్టి ఎంత తవ్వుతారు, ఎంత పూడుస్తారు, బయటనుంచి ఎంత తెస్తారు అని. ఇన్ని ఆఫీసులు తిరిగాను, నేల ఎవరిదని అందరూ అడిగారు. వాన పడితే నీళ్లు ఎటు పోతాయని అడిగిన కాగితం అదొక్కటే. దానికి జతచేసే మ్యాపు కింద సంతకం నాది.

కార్తీకంలో నేల ఎత్తులు కొలిచే ఆటో లెవెల్ తీసుకుని దిగాను. తూము గడప రాయిని 100.00 మీటర్లుగా పెట్టుకున్నాను. దీన్ని బెంచ్‌మార్క్ అంటాం, మిగతా ఎత్తులన్నీ దానినుంచే. తూముకి తలుపు పోయి చాలా కాలమైనట్టుంది. గోనెసంచిలో మట్టి కుక్కి అడ్డం పెట్టారు, దాని సందుల్లోంచి నీళ్లు సన్నగా కారుతున్నాయి. స్టాఫ్ (కొలత రాడ్డు) పట్టుకోవడానికి తీసుకెళ్లిన కుర్రాడు మోకాళ్ల దాకా బురదలోకి దిగిపోయి, రాడ్డు నిలువుగా పెట్టమంటే తను నిలబడలేక ఊగిపోయేవాడు. గట్టెక్కినప్పుడల్లా పిక్కల మీద జలగలు, వాటికి ఉప్పు. అడుగు తీసి వేస్తే తుంగ వేళ్ల మధ్యనుంచి బుడగలు వచ్చేవి. నత్తగుల్ల కొంగలు మమ్మల్ని పట్టించుకోకుండా ఓ పాతిక గజాల్లోనే మేస్తున్నాయి. వాటి ముక్కు రెండు దవడలూ ఆనుకోవు, నడుమ సందు ఉంటుంది. ఆ సందులో గుల్ల పట్టుకుని నత్తను లాగి, ఖాళీ గుల్లలు గట్టు పక్కన ఒకేచోట కుప్పగా వదిలేశాయి.

లెక్క వేసుకున్నాక తేలింది ఇదీ. రికార్డులో చెరువు హద్దు ఉన్నచోట నేల ఎత్తు 100.75. నిండినప్పుడు నీరు ఆగే గీత 101.35. గట్టుకి ఆ మట్టం దగ్గరే కోత పెట్టిన పాత అలుగు ఉంది కాబట్టి ఇది నా ఊహ కాదు. పక్కనున్న పంపు షెడ్డు గోడ మీద 2013 నాటి వరద మరక 101.70. మొదటి రెండు గీతల మధ్య ఉన్న నాలుగెకరాలు పట్టా భూమి. నిండు మట్టంలో ఆ నాలుగెకరాల మీద సగటున అడుగులోతు నీరు, అంటే 48 లక్షల లీటర్లు. 2013 మట్టంలో అయితే కోటి లీటర్లు పైన. అక్కడ మట్టి పోస్తే ఆ నీరంతా ఇంకో చోటు వెతుక్కోవాలి.

మ్యాపులో మూడు గీతలూ వేసి, 101.35 లోపలంతా నీలం రంగు పూసి బిల్డరుకి చూపించాను.

“ఏటి ఇంజినీరు గారూ, నీలం అంత పూసీసేరు? చెరువు రెండెకరాలే కదా?”

“రికార్డులో రెండెకరాలండి. నీరు ఆగిన మేర పూశాను.”

“ఎండల్లో కొలిచుంటే ఇంత రాకపోను.”

“ఎండల్లో కొలిచినా ఇదే గీత వస్తుంది. నేల ఎత్తు మేలోనూ అంతే, అక్టోబర్లోనూ అంతే.”

కాసేపు మాట్లాడలేదు. ఆయన మొండి మనిషేం కాదు, డబ్బు వడ్డీకి తెచ్చిన మనిషి. “పోనీ, సర్కారు చెరువుని మూలకి జరుపుదాం. అంతే విస్తీర్ణం అక్కడ తవ్వి ఇస్తాం, ఈ నడుమది మాకిమ్మని అడుగుదాం” అన్నాడు. ఈ ఆలోచన ప్రతి బిల్డరుకీ వస్తుంది. చెరువు అంటే గొయ్యి అనుకోవడం వల్ల వచ్చే ఆలోచన. మూలనున్న మెరక మీద గొయ్యి తవ్వితే దానిలోకి నీరు ఎక్కిరాదు కదా. చట్టంలోనూ ఆ దారి మూసుకుపోయి చాలా కాలమైంది. 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో, 2011 జనవరిలో జగపాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెరువు భూముల్ని ఇళ్లకి ఇవ్వడం చెల్లదని చెప్పేసింది. రెండోదాంట్లోనైతే చెరువు పూడ్చి కట్టిన ఇళ్లని క్రమబద్ధం చేయడానికి కూడా ఒప్పుకోలేదు. ఆ తీర్పు ప్రతి తీసి ఆయన చేతికిచ్చాను. వాళ్ల వకీలు కూడా అదే మాట అన్నాడట. చెరువు జరిపే మాట ఆ తర్వాత వినపడలేదు.

నాలుగెకరాల మాట మాత్రం మిగిలే ఉంది. కన్సల్టెంటు నా మ్యాపు పక్కనే తన డ్రాయింగు ఒకటి జతచేశాడు. గెడ్డ మీద ఇప్పుడున్న 900 మిల్లీమీటర్ల హ్యూమ్ పైపు (కాంక్రీటు గొట్టం) తీసేసి రెండు 600 పైపులు వేస్తామని, దానివల్ల ‘నీటి పారుదల సామర్థ్యం రెట్టింపు’ అవుతుందని రాశాడు. స్కూల్లో వృత్తం వైశాల్యం చదువుకున్న ఏ పిల్లాడినైనా అడగండి. రెండు 600 పైపులు కలిపినా 0.57 చదరపు మీటర్లే, ఒక్క 900 పైపు 0.64. రెట్టింపు సంగతి దేవుడెరుగు, ఉన్నది కూడా తగ్గుతోంది.

భువనేశ్వర్లో నిపుణుల కమిటీ ఆ పైపుల దగ్గరే పట్టుకుంది. ప్రాజెక్టుని తెరమీద చూపిస్తుంటే ఒక పెద్దాయన, ప్రొఫెసరు అనుకుంటా, నీలం రంగు మీద పాయింటరు పెట్టించి “ఈ నీరు కిందికి ఏ ఊళ్లోకి పోతుంది?” అని అడిగాడు. కన్సల్టెంటు నా వైపు చూశాడు. బాహుదా మీదుగా ఆంధ్రాలోకి అన్నాను. అదనపు వివరాలు ఇమ్మని ఫైలు వెనక్కి వచ్చింది. దిగువన వరద మట్టాలు, గెడ్డ పొడవునా కొలతలు, పూడికకి మట్టి ఎక్కడనుంచి తెస్తారో రుజువు, జలవనరుల శాఖ అభిప్రాయం. బిల్డరుకి ప్రాణం మీదకొచ్చింది. నాకైతే అడగాల్సిన మాట ఎవరో అడిగారనిపించింది.

అలా గెడ్డ వెంట దిగువకి నడిచాను. అక్కడ హద్దు అంటూ ఏమీ కనపడదు, ఒక మామిడి తోట దాటితే రాష్ట్రం మారిపోతుంది, సెల్ ఫోనుకి మెసేజీ వస్తే తెలియాలి. గట్టు మీద గడ్డి కోస్తున్న పెద్దాయన ఒకరు తగిలారు. ఏం కొలుస్తున్నావు బాబూ అంటే చెప్పాను. కొడవలి పక్కన పెట్టి రామమందిరం దగ్గరికి తీసుకెళ్లి అరుగు మీద తన మోకాలి ఎత్తున చెయ్యి పెట్టి చూపించాడు.

“ఫైలిన్ గాలికి మా కొబ్బరి చెట్లు పోయాయి బాబూ. గాలెల్లిపోయిన పది పన్నెండు రోజులకి ఒక వాన పట్టింది, విడవలేదు. అది ముంచింది మమ్మల్ని. ఇక్కడికొచ్చీసింది నీరు. అయినా రాత్రి మొదలెట్టి తెల్లారేదాకా నెమ్మదిగా ఎక్కింది, పశువులు విప్పుకోడానికి టైమిచ్చింది. మీదన మీ చెరువు కాస్త పట్టి ఉంచబట్టే. అది కప్పీసి ఇళ్లు కట్టీస్తే ఒక్కపాలి మా మీద పడిపోద్ది.”

“మీకెవరూ చెప్పలేదా?”

“మాకెవులు చెప్తారు? అది ఒడిశా కదా.”

నిజమే. ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది 2013 అక్టోబర్ 12న, ఆ నెలాఖరు వానలు గంజాంనీ శ్రీకాకుళాన్నీ కలిపే ముంచాయి. కానీ మా దరఖాస్తులో జిల్లా పేరు, తహశీలు పేరు, పంచాయతీ పేరు ఉన్నాయి. పక్క రాష్ట్రంలో మునిగే ఊరి పేరు రాయడానికి గడి లేదు. ఆ రామమందిరం అరుగు కొలత నేను వరద మట్టాల పట్టికలో చేర్చాను. అదీ నా ఇష్టానికి చేర్చిందే, అడిగినవాళ్లు రాష్ట్రం లోపల అనే అనుకుని ఉంటారు.

కొన్నాళ్లకి ఒక కుర్రాడు నా ఆఫీసుకొచ్చాడు. బరంపురంలో బట్టల కొట్లో పని చేస్తాడట, ఒడియా మాట్లాడతాడు కానీ రాయడం రాదు. ఆర్టీఐ ఫారం నింపిపెట్టమన్నాడు. ఒడిశాలో తెల్ల కాగితం మీద రాస్తే చెల్లదు, ఫారం ఏ అని ఒకటి ఉంది, గుర్తింపు కార్డు కాపీ జతచేయాలి, పది రూపాయల ఫీజు. ఏం అడుగుతున్నావంటే ఫలానా చెరువు దగ్గర కాలనీకి భూమి మార్పిడి రిపోర్టు అన్నాడు. గెడ్డ దిగువన రామమందిరం దగ్గర నీటి మట్టం చూపించిన పెద్దాయన మేనల్లుడు. “ఆ కాలనీ ప్లాను గీసింది నేనే నాయనా” అని చెప్పాను. లేచి వెళ్లిపోబోయాడు. కూర్చోమని, పర్యావరణ దరఖాస్తు అంతా కేంద్రం వాళ్ల పరివేష్ పోర్టల్లో ఎవరైనా చూడొచ్చని, దానికి ఆర్టీఐ అక్కర్లేదని చెప్పి, అమీను రిపోర్టుకి మాత్రం ఫారం నింపిచ్చాను. అనుమతి వచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లోగా కోల్‌కతాలోని హరిత ట్రిబ్యునల్ బెంచికి అప్పీలు చేసుకోవచ్చని కూడా చెప్పాను. బిల్డరు దగ్గర ఈ సంగతి దాచలేదు. ఆయన రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నాడు.

చివరికి ఫైలుని మలుపు తిప్పింది కోర్టూ కాదు, కొంగలూ కాదు. మట్టి. నాలుగెకరాల్ని వరద మరకకి రెండడుగులు పైకి లేపాలంటే సగటున 1.25 మీటర్లు పూడ్చాలి, అంటే 20,000 ఘనపు మీటర్లు. దిమ్మిస కొట్టాక అణిగిపోయేది కలుపుకుంటే పాతికవేలు. టిప్పరుకి పది చొప్పున రెండున్నర వేల ట్రిప్పుల మొరం. ప్రతి ట్రిప్పుకీ వై ఫారం, అంటే మొరం తోలడానికి ఇచ్చే పర్మిట్టు, ఉండాలి. ఊళ్లో చిన్న పనులకి ఎవరూ అడగకపోవచ్చు, పర్యావరణ ఫైల్లో మట్టి ఎక్కడిదని రాసి ఇచ్చాక ఆ లెక్క తప్పించుకోలేం. నేను లెక్క కాగితం ముందు పెట్టాను. బిల్డరు తన సెల్లులో గుణించుకున్నాడు, మళ్లీ గుణించుకున్నాడు. “ఆ నాలుగెకరాల్లో వచ్చే రెండు బ్లాకులూ తీసేసి మెరక మీదవాటికి ఒక అంతస్తు పెంచితే?” అన్నాడు. ఆ ప్లాను అప్పటికే నా కంప్యూటర్లో ఉంది. వెంటనే చూపిస్తే బాగోదని వారం ఆగి చూపించాను.

కొత్త ప్లానులో నీలం రంగు మీద కట్టడం లేదు. 900 పైపు అలాగే ఉంచి పక్కన ఇంకో 900 వేశాం. తూముకి తలుపు పెట్టించాం. నాలుగెకరాలూ ఖాళీ స్థలం కింద చూపించాం. దాని మీద మార్కెటింగ్ వాళ్లతో పెద్ద పేచీ అయింది, పార్కంటే నడిచే దారి, బెంచీలు ఉండాలిగానీ బురదేమిటని. రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్టరు కాకుండా ప్రకటనలు ఇవ్వకూడదు కాబట్టి అప్పటికి బ్రోషర్లు అచ్చు కాలేదు, అదొక మేలు.

అనుమతి పత్రం వచ్చింది. అందులో ‘స్థలం గుండా పారే సహజ నీటిదారికి అడ్డంగా, చిత్తడి నేలల మీద, నీటి వనరుల మీద నిర్మాణం చేయరాదు’ అన్న షరతు ఉంది. గొప్పగా మాకోసం రాసింది కాదు, ఈ రకం అనుమతులన్నిట్లో ఉండే వరసే. అది ఉందని ఎంతమంది చదువుతారో మరి. ఫ్లాటు కొనేవాళ్లు మాత్రం బిల్డరుని ఆ పత్రం అడిగి చదువుకోండి. షరతులు పాటిస్తున్నారా లేదా అని ఏటా జూన్ 1కీ డిసెంబర్ 1కీ రిపోర్టు ఇవ్వాలి, ఆ కాపీ కూడా అడగొచ్చు. భూలేఖ్‌లో మీ ప్లాటు కిసమ్ చూసి ఊరుకోకుండా పక్క నాలుగు ప్లాట్లవీ చూడండి. స్థలం చూడ్డానికి సంక్రాంతికి కాకుండా వినాయకచవితి తర్వాత వెళ్లండి.

మా గెడ్డకి అవతలి గట్టున మూడెకరాలు వేరేవాళ్లది. ఆ నేలా మా నీలం గీతంత పల్లంలోనే ఉంది. దాన్ని వాళ్లు చిన్న చిన్న ప్లాట్లు చేసి అమ్మేశారు. ఒక్కో ఇల్లు ఒక్కో మనిషిది, ఏదీ 20,000 చదరపు మీటర్ల లెక్కలోకి రాదు, భువనేశ్వర్ వెళ్లే పని లేదు, కాంటూర్ మ్యాపు అడిగేవాళ్లు లేరు. ఒకరు ఇంటికి సరిపడా మొరం పోసుకుంటారు, పక్కాయన చూసి ఇంకో అడుగు ఎక్కువ పోసుకుంటాడు. మేము వదిలిన నాలుగెకరాల్లో సగానికి పైగా అవతల అలా మెల్లగా పూడుతోంది.

మొన్న శ్రావణంలో ఆ ప్లాటుదారుల్లో ఒకాయన ఇంటి ప్లాను గీయమని వచ్చాడు. రిటైరైన రైల్వే ఉద్యోగి, కిసమ్ ఘరబారి, కాగితాలన్నీ సవ్యంగా ఉన్నాయి. లెవెల్ పుస్తకం తీసి 101.70 దగ్గర వేలు పెట్టి చూపించాను. లోపల మట్టి నింపకుండా స్తంభాల మీద లేపి, గచ్చు 102.15 కి పెడితే సంతకం చేస్తానన్నాను. అంటే నేలనుంచి మూడున్నర అడుగులు. మెట్లెక్కలేని అమ్మ ఉందండీ ఇంట్లో అన్నాడాయన. ర్యాంపు గీస్తానన్నాను. ఖర్చు ఎంత పెరుగుతుందో రాసిమ్మన్నాడు, రాసిచ్చాను. కొడుకుతో మాట్లాడి చెప్తానని వెళ్లాడు.